రక్త క్యాన్సరు: ప్రాణరక్షణము నుండి పునరావాసము వరకు

క్యాన్సరు వ్యాధిని మన పెద్దలు రాచపుండు అనెడివారు. వైద్యునకు లొంగని వ్రణమునకు వారిడిన పేరది. ఆ పేరులో భయమున్నది. కంటితో చూచి గుర్తింపదగిన రూపమును ఉన్నది. కాని రక్తమునకు సోకు క్యాన్సరులో తరచు పుండు కానరాదు, గడ్డయు కానరాదు. పసివాడు పాలిపోవును, జ్వరము విడువదు, చిగుళ్ల నుండి నెత్తురు కారును, కొలది వారములలోనో, నెలలలోనో కన్ను మూయును. పూర్వము ఇంటివారు దానిని పాండురోగమనియో, విషజ్వరమనియో తలచి, విధికి తల యొగ్గి యూరకుండెడివారు. అట్టి వ్యాధి సోకిన పిల్లలలో పెక్కుమంది నేడు చికిత్స ముగించుకొని మరల బడికి పోవుచున్నారు. పెద్దలలో కొందరు ఉద్యోగములలో కొనసాగుచున్నారు. ఈ మార్పు ఎట్లు వచ్చినది? ప్రాణము దక్కిన పిమ్మట ఆ ప్రాణమునకు తగిన బ్రతుకు దక్కుచున్నదా? ఈ రెండు ప్రశ్నలను చరిత్ర క్రమమున పరిశీలించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. మొదటి ప్రశ్నకు సమాధానములో ఒక తెలుగువాని పేరు ప్రముఖముగా నిలిచియున్నది. రెండవదానికి సమాధానము చెప్పవలసినవారము మనమందరము.

వ్యాధి స్వరూపము

రక్తకణములు ఎముకల లోపలి మూలుగలో పుట్టును. ప్రాణవాయువును మోయు ఎర్రకణములు, అంటురోగములతో పోరాడు తెల్లకణములు, గాయమైనచోట నెత్తురును గడ్డకట్టించు ప్లేట్‌లెట్లు – ఈ మూడును అచటనే తయారగును. ఆ మూలుగలో పరిణతి లేని కణములు హద్దు మీరి పెరిగినచో దానిని ల్యుకీమియా అందురు. శోషరస గ్రంథులలో పుట్టునది లింఫోమా. ప్రతిరక్షకములను తయారుచేయు కణములు చెడి ఎముకలను తొలుచునది మైలోమా. సామాన్యవ్యవహారమున ఈ మూటిని కలిపి రక్త క్యాన్సరు అనుచున్నాము.

పనికిరాని కలుపు పెరిగి పైరును అణగద్రొక్కినట్లు, చెడుకణములు మంచికణములకు చోటు లేకుండ చేయును. అందుచే మూడు ఆపదలు కలుగును. ఎర్రకణములు తగ్గుటచే నీరసము, తెల్లకణములు చెడుటచే అంటురోగము, ప్లేట్‌లెట్లు క్షీణించుటచే రక్తస్రావము. పూర్వము రోగిని చంపినవి ఈ మూడే. నేడు చికిత్స పొందుచున్నవాని దినచర్యను శాసించునవియు ఈ మూడే. మెట్లెక్కలేని అలసట, జనసమ్మర్దములోనికి పోరాదను కట్టడి, చిన్న దెబ్బకే నల్లబారు చర్మము – వ్యాధి పేరు వినగానే మనకు మరణము స్ఫురించును గాని, రోగి అనుభవించునవి ఈ చిన్నచిన్న బంధనములు.

తొలి శతాబ్దము

1845 లో ఎడింబరో నగరమున జాన్ హ్యూస్ బెన్నెట్, బెర్లిను నగరమున రుడాల్ఫ్ విర్కో ఒకరి సంగతి ఒకరికి తెలియకయే ఈ వ్యాధిని వర్ణించిరి. మృతుల నాళములలో నెత్తురు చీమువలె తెల్లబారియుండుటను ఇద్దరును గమనించిరి. బెన్నెట్ దానిని ఒక విధమగు చీము అనుకొనిరి. విర్కో అది చీము కాదనియు, రక్తములోని తెల్లకణముల వృద్ధియే యనియు తెలిసికొని, 1847 లో ‘తెల్లని నెత్తురు’ అను అర్థము గల గ్రీకు పదముతో దానికి ల్యుకీమియా అని పేరిడిరి. దాని పుట్టుక మూలుగలోనే యని జర్మను శాస్త్రజ్ఞుడు ఎర్నెస్టు నాయ్‌మన్ ఆ తరువాత చూపిరి.

పేరు దొరికినది గాని మందు దొరకలేదు. 1865 లో జర్మనీలో పాషాణముతో చేసిన ఫౌలర్ ద్రావణమును ఈ వ్యాధికి వాడి చూచిరి. 1895 లో రాంట్‌జెన్ కనుగొనిన ఎక్సు కిరణములను ఇరువదవ శతాబ్దారంభమున, ఉబ్బిన ప్లీహముపై ప్రసరింపజేసిరి. దీర్ఘకాలిక ల్యుకీమియాలో వీనివలన కొంతకాలము వాపు తగ్గెడిది; రోగి లేచి తిరుగ గలిగెడివాడు. వ్యాధి మాత్రము మరల తిరిగివచ్చెడిది. శీఘ్రముగా ముదిరెడి పసివారి ల్యుకీమియాలో ఆపాటి ఉపశమనము కూడ లేకుండెను.

ఆ చీకటికాలమునందే మన దేశమున ఒక దీపము వెలిగినది. సర్ దొరాబ్జీ టాటాగారి సతీమణి లేడీ మెహర్‌బాయి 1931 లో ల్యుకీమియాచే మరణించిరి. ఆమె పేరిట భర్త 1932 లో నెలకొల్పిన లేడీ టాటా స్మారక నిధి, దేశభేదము లేక, ల్యుకీమియా పరిశోధకులకు ధనసహాయము చేయుచు వచ్చినది. 1941 లో బొంబాయి పరేలు ప్రాంతమున టాటా స్మారక వైద్యశాల ప్రారంభమైనది. 1957 లో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ దాని నిర్వహణమును స్వీకరించెను. 1962 లో అది అణుశక్తి శాఖకు బదిలీ అయ్యెను. ఒక యింటి దుఃఖము కేంద్ర ప్రభుత్వ సంస్థగా రూపొంది, నేటికిని దేశము నలుమూలల నుండి వచ్చు రోగులకు ఆశ్రయమగుచున్నది.

భీమవరము నుండి బోస్టనుకు

1895 జనవరి 12 న భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితమును పెక్కురు పాఠకులెరుగుదురు. వారి సోదరులిద్దరు కొలది దినముల వ్యవధిలో స్ప్రూ అను గ్రహణివ్యాధిచే మరణించిరి. మదరాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి పోయినందున ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మారుగా ఎల్.ఎం.ఎస్. పట్టముతో తృప్తిపడవలసి వచ్చెను. 1922 అక్టోబరులో వారు బోస్టను చేరిరి. హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తములోని ఫాస్ఫరసును కొలుచు పద్ధతిని 1925 లో ప్రకటించిరి. కండరముల శక్తికి ఆధారమగు ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి. అను పదార్థములను గూర్చి వారు చేసిన కృషి జీవరసాయన శాస్త్రమునకు పునాదిరాళ్లలో నొకటి. 1940 లో న్యూయార్కు రాష్ట్రములోని లెడర్లే ప్రయోగశాలలో చేరిరి.

ఇచట మరియొక భారతదేశ సంబంధము కలియుచున్నది. బొంబాయి మిల్లు కార్మిక స్త్రీలలో గర్భిణులకు కలుగు పాండురోగమును పరిశీలించిన ఆంగ్ల వైద్యురాలు లూసీ విల్స్, ఈస్టు సారముతో అది నయమగునని 1931 లో ప్రకటించిరి. ఆ సారములోని గుణము ఫోలిక్ ఆమ్లమని పిమ్మట తేలినది. 1945 లో సుబ్బారావుగారి ఆధ్వర్యవమున లెడర్లే శాస్త్రజ్ఞులు దానిని కృత్రిమముగా తయారుచేయగలిగిరి. తమ సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి అది మందైనది. సోదరులు పోయిన పాతికేండ్ల పైచిలుకు కాలమునకు ఆ ఋణము తీరినది.

బోస్టను శిశు వైద్యశాలలోని సిడ్నీ ఫార్బర్ ఫోలిక్ ఆమ్ల సంబంధమగు పదార్థములను ల్యుకీమియా పిల్లలకు ఇచ్చి చూడగా, వ్యాధి తగ్గుటకు మారు వేగముగా పెరుగుచున్నట్లు తోచెను. వారి బుద్ధి అచటనే వెనుకకు మరలినది. ఏది కలుపునకు ఎరువో, దానిని అందకుండ చేసినచో కలుపు మాడిపోదా? ఫోలిక్ ఆమ్లమును పోలియుండి కణమును మోసగించు ప్రతియోగి పదార్థములను సుబ్బారావుగారి బృందము తయారుచేసి పంపినది. వానిలో అమినాప్టెరిన్ ముఖ్యమైనది. 1948 జూన్ 3 న ప్రకటించిన వ్యాసములో, పదునారుగురు పిల్లలకు ఈ మందీయగా పదిమందికి గుణము కనిపించెనని ఫార్బర్ తెలిపిరి. ఆ గుణము తాత్కాలికమే. ఐనను, నూరేండ్లుగా వైద్యులు చేతులు ముడుచుకొని నిలిచిన చోట మొదటిసారిగా తలుపు కదలినది. ఆ సంవత్సరము ఆగస్టులోనే సుబ్బారావుగారు తమ యేబదిమూడవ యేట మరణించిరి. అమినాప్టెరిన్‌కు సోదరప్రాయమగు మెథోట్రెక్సేట్ నేటికిని ల్యుకీమియా చికిత్సలో విడువరాని మందు. దానివలన ఎందరు పిల్లలు పెరిగి పెద్దవారైరో చూచుటకు వారికి ఆయువు చాలలేదు.

ఎంతకాలము? ఎట్లు?

ప్రాణము కొన్ని నెలలు పొడిగింపబడిన వెంటనే వైద్యులకు ఒక క్రొత్త ప్రశ్న యెదురైనది: ఆ నెలలను రోగి ఎట్లు గడపుచున్నాడు? 1949 లో డేవిడ్ కార్నోఫ్‌స్కీ, జోసెఫ్ బర్చెనాల్ అను న్యూయార్కు వైద్యులు రోగి స్థితిని సున్న నుండి నూరు వరకు కొలుచు ఒక కొలమానమును వివరించిరి. ఏ లక్షణమును లేక తన పనులన్నియు చేసికొనువానికి నూరు, తన్ను తాను చూచుకొనగలిగియు వృత్తి చేయలేనివానికి డెబ్బది, ఇతరుల సహాయము, వైద్యుని రాక తరచు కావలసినవానికి యేబది, మృతునకు సున్న. ఈ కొలమానములో కణముల లెక్క లేదు, జ్వరపు డిగ్రీలు లేవు. మనుష్యుడు తన పని తాను చేసికొనగలడా, లేడా యను ఒక్క ప్రశ్నయే కలదు. చూచుటకు అల్పముగా తోచు ఈ పట్టికయే జీవన నాణ్యతను వైద్యశాస్త్రము గణింప నారంభించిన తొలిమెట్లలో నొకటి.

ఫార్బర్ తమ వైద్యశాలలో ‘సంపూర్ణ సంరక్షణ’ అను పద్ధతిని ప్రవేశపెట్టిరి. మందునిచ్చు వైద్యుడు, ఆహారము చూచువారు, మనస్సును ఓదార్చువారు, కుటుంబముయొక్క ఆర్థిక చిక్కులను విచారించువారు – అందరును ఒక్క కప్పు క్రింద ఉండవలెనని వారి మతము. బిడ్డకు జబ్బు చేసినప్పుడు ఇల్లంతయు జబ్బుపడునని గ్రహించినవారు గనుక, చికిత్స ఇంటికంతకును కావలెనని వారు భావించిరి.

ఇంతలో మందులు పెరిగినవి. గెర్‌ట్రూడ్ ఎలియన్, జార్జి హిచింగ్సులు కనుగొనిన మెర్కాప్టోప్యూరిన్ 1953 లో వాడుకకు వచ్చెను. మన పెరళ్లలో పూచెడి బిళ్లగన్నేరు మొక్కనుండి తీసిన విన్‌క్రిస్టిన్ 1963 లో అమెరికా ప్రభుత్వానుమతి పొందెను. మందులను ఒకదాని వెనుక ఒకటిగా గాక కలిపి యీయవలెనని ఎమిల్ ఫ్రెయిరైక్, ఎమిల్ ఫ్రై 1960 దశకారంభమున చూపిరి. ప్లేట్‌లెట్లు ఎక్కించి రక్తస్రావ మరణములను అరికట్టుటలోను ఫ్రెయిరైక్ కృషి గణనీయము. 1962 లో మెంఫిస్ నగరమున తెరచిన సెయింట్ జూడ్ వైద్యశాలలో డొనాల్డ్ పింకెల్ ఆ దశకము చివర, మూలుగతో పాటు మెదడును కూడ కాపాడు సమగ్ర చికిత్స నడపి, పిల్లలలో ఇంచుమించు సగముమందిని దీర్ఘకాలము జీవింపజేయగలిగిరి. 1960 ప్రాంతమున నూటికి పదిమంది కూడ దక్కని ఆ వ్యాధిలో నేడు సంపన్న దేశములందు నూటికి సుమారు తొంబదిమంది పిల్లలు దక్కుచున్నారు.

విజయము తెచ్చిన బాధ్యత

ప్రాణము దక్కినవారు పెరిగి పెద్దవారగుచుండగా, చికిత్స తన వెల పుచ్చుకొన్నదని తెలియవచ్చెను. మెదడునకు కిరణములు పెట్టించుకొనిన పిల్లలలో కొందరు చదువున వెనుకబడిరి. కొందరి ఎదుగుదల కుంటువడెను. కొన్ని మందులు యేండ్లు గడచిన పిదప గుండెను బలహీనపరచెను. స్టెరాయిడ్లు తుంటి ఎముకను దెబ్బతీసెను. విన్‌క్రిస్టిన్ నరములకు సోకి, పాదము జారిపోవునట్లు చేయుటయు కలదు. ప్రాణదాతయగు బిళ్లగన్నేరే పసివాని నడకను కొంతకాలము హరించుట విచిత్రము గదా!

వైద్యులు వెనుకకు చూచుకొనిరి. చాలమంది పిల్లలకు తలపై కిరణములు మానివేసి, వెన్నులోని ద్రవమునకు మెథోట్రెక్సేట్ ఎక్కించుటచే మెదడును కాపాడవచ్చునని క్రమముగా తేలినది. మొదట ప్రాణమును నిలిపిన సుబ్బారావుగారి కృషిఫలము, రెండవ తరమున పిల్లల బుద్ధిని, చదువును కాపాడుటకును వచ్చినది. రోగిని బ్రతికించుట చాలదు, బ్రతుకునకు అక్కరవచ్చు దేనిని పాడుచేయకుండ బ్రతికింపవలెనను క్రొత్త నీతికి ఈ మార్పు నిదర్శనము.

పునరావాస శాస్త్రమునకు తొలుత ఊతమిచ్చినది యుద్ధము. రెండవ ప్రపంచయుద్ధమున గాయపడిన సైనికులను మరల వృత్తులలో నిలుపుటకు హోవర్డ్ రస్క్ మున్నగువారు పెంపొందించిన పద్ధతులు పిమ్మట రోగులకును వర్తించినవి. క్యాన్సరు రోగుల విషయమున హెర్బర్ట్ డియెట్జ్ అను వైద్యుడు పునరావాసమును నాలుగు విధములుగా విభజించెను. హాని రాకముందే జాగ్రత్తపడునది మొదటిది; పోయిన శక్తిని తిరిగి తెచ్చునది రెండవది; పూర్తిగా తిరిగిరాని లోపముతోనే స్వతంత్రముగా బ్రతుకుట నేర్పునది మూడవది; నయము కాని స్థితిలో బాధ తగ్గించి గౌరవము నిలుపునది నాలుగవది. నాలుగవదానిని కూడ పునరావాసమనుటలో గొప్ప ధర్మసూక్ష్మమున్నది. రోగి మరణించునని తెలిసినంత మాత్రమున మన పని ముగియలేదని దాని తాత్పర్యము.

విశ్రాంతిని గూర్చిన అభిప్రాయమును మారినది. ‘కదలకుము, పడుకొనుము’ అనుట చిరకాలముగా మన ఇండ్లలోను, వైద్యశాలలలోను వినవచ్చు హితవు. 1990 దశకమున జర్మనీలోని ఫ్రైబుర్గులో ఫెర్నాండో డిమియో బృందము, తీవ్రమగు మందులు, మూలకణ చికిత్స పొందినవారిచే క్రమముగా నడక సాధన చేయించి చూచెను. నడచినవారికి బలము త్వరగా వచ్చి అలసట తగ్గెను. రక్తకణముల లెక్క చూచుకొని, వైద్యుని సలహాతో చేయు మితమగు వ్యాయామము నేడు చికిత్సలో భాగము. 1993 లో ఐరోపా పరిశోధకులు ప్రకటించిన ముప్పది ప్రశ్నల పట్టిక రోగినే అడుగును: నీకు నిద్ర పట్టుచున్నదా? ఆకలియగుచున్నదా? ఇంటి వ్యవహారములకు వ్యాధి అడ్డువచ్చుచున్నదా? ధనమునకు ఇబ్బందిగా నున్నదా? కార్నోఫ్‌స్కీ కాలమున వైద్యుడు రోగిని కొలిచెను. ఇప్పుడు రోగియే తన బ్రతుకును కొలిచి చెప్పుచున్నాడు. నలుబదినాలుగు యేండ్లలో వచ్చిన పెద్ద మార్పు ఇదియే.

మన దేశమున

మూలుగ మార్పిడికి మార్గదర్శియగు డొనాల్ థామస్ 1990 లో నోబెల్ బహుమానము పొందిరి. మన దేశమున మూలుగ మార్పిడి 1983 లో టాటా స్మారక వైద్యశాలలో జరిగినది. దానిని నిర్వహించిన సురేశ్ అద్వానీగారు బాల్యమున పోలియో సోకుటచే చక్రముల కుర్చీ నాశ్రయించినవారు. అంగవైకల్యము గలవాడు వైద్యవిద్య కర్హుడా యని సందేహించు సమాజమునకు ఆయన జీవితమే జవాబు. పునరావాసమనగా దయ కాదు, అవకాశమని అర్థము చేసికొనుటకు ఇంతకంటె మంచి దృష్టాంతము దొరకదు.

దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకీమియా చరిత్ర వేరొక పాఠము నేర్పుచున్నది. 1960 లో ఫిలడెల్ఫియా నగరమున ఈ వ్యాధికి సంబంధించిన క్రోమోసోము లోపమును గుర్తించిరి. 1973 లో జానెట్ రౌలీ దాని రహస్యమును విప్పిరి. 2001 లో ఆ లోపమునే గురిపెట్టిన ఇమాటినిబ్ అను మాత్ర అమెరికాలో అనుమతి పొందెను. దినమునకొక మోతాదు మ్రింగుచు ఉద్యోగము చేసికొనవచ్చును. కాని నెలకు సుమారు 1,20,000 రూపాయలు వెలగల మాత్రను మ్రింగగలవారెందరు? మన కంపెనీలు అదే మందును పదివేల లోపు వెలకు అమ్మగలిగినవి. 2013 ఏప్రిల్ 1 న సుప్రీంకోర్టు ఆ మందుయొక్క ఒక రూపమునకు పేటెంటు నిరాకరించెను. జీవన నాణ్యత యనునది వైద్యశాలలోనే గాక, న్యాయస్థానములోను, మందుల అంగడిలోను నిర్ణయమగునని ఆ నాడు దేశమునకు తెలిసినది.

దక్షిణమున 1954 లో ముత్తులక్ష్మీరెడ్డిగారి కృషిచే అడయారు క్యాన్సరు సంస్థ వెలసెను. హైదరాబాదులో 1955 లో నెలకొన్న మెహదీ నవాజ్ జంగ్ వైద్యశాల నేడు తెలంగాణములో పేదల పెద్దదిక్కు. 2000 లో అదే నగరమున బసవతారకము వైద్యశాల ప్రారంభమైనది. 2007 లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రవేశపెట్టిన ఆరోగ్యశ్రీ పథకముచే, భూమి నమ్ముకొనకయే చికిత్స చేయించుకొనుటకు పేద కుటుంబములకు వీలు కలిగెను. ఐనను మందు ఉచితమైనంత మాత్రమున చికిత్స సాగదు. పిల్లవాని ల్యుకీమియా చికిత్స రెండు, మూడేండ్లు నడచును. తండ్రి కూలి పోవును. పట్టణమున తలదాచుకొన చోటుండదు. ఇంటివద్ద తక్కిన పిల్లలను చూచువారుండరు. జ్వరము తగ్గి బిడ్డ ఆడుకొనుట చూచి, నయమైనదని తలచి నడుమ మానివేసిన కుటుంబములు పెక్కు. అట్టి పిల్లలకు వ్యాధి తిరుగబెట్టును. దూరమునుండి వచ్చు కుటుంబములకు ఉచిత వసతినిచ్చు సెయింట్ జూడ్ ఇండియా కేంద్రములు 2006 లో బొంబాయిలో మొదలై, పిదప హైదరాబాదునకును వచ్చినవి. ఒక గది, ఒక పొయ్యి, శుభ్రమైన నీరు – ఇవియు మందులే యని అవి నిరూపించినవి.

చికిత్స ముగించిన పిల్లల కొరకు 1991 లో టాటా స్మారక వైద్యశాల ప్రత్యేక పరీక్షాకేంద్రమును తెరచెను. ఎదుగుదల, గుండె, చదువు, మనస్సు – వీనినన్నిటిని అచట యేండ్లతరబడి పరిశీలింతురు. 1951 లో స్థాపితమైన భారత క్యాన్సరు సంఘముయొక్క ఆశ్రయమున, బాల్యమున క్యాన్సరును జయించినవారు 2009 లో ‘ఉగమ్’ అను తమ సంఘమును ఏర్పరచుకొనిరి. ఒకనాటి రోగి నేటి రోగి చేయి పట్టుకొని ‘నేను బ్రతికితిని, నీవును బ్రతుకుదువు’ అని చెప్పుటకు సాటివచ్చు ఔషధము లేదు.

సమాజముయొక్క పాత్ర

మన నవలలును చలనచిత్రములును రక్త క్యాన్సరును చిరకాలము మరణమునకు పర్యాయపదముగా వాడినవి. 1993 లో వచ్చిన ‘మాతృదేవోభవ’ చిత్రము చూచి కంటతడి పెట్టని తెలుగువారు అరుదు. ఆ కన్నీరు సత్యమైనదే. కాని ఆ నాటికే పిల్లల ల్యుకీమియా చాలవరకు నయమగు వ్యాధి యైనది. కథలలో రోగి చనిపోవును, కథ ముగియును. బ్రతికి తిరిగివచ్చిన రోగి కథను మనము వ్రాయలేదు. అందుచే అతడు తిరిగి వచ్చినప్పుడు ఎట్లు పలుకరింపవలెనో మనకు తెలియకున్నది.

బడిలో తోటిపిల్లలు అంటువ్యాధియని దూరముగా కూర్చుందురు. రక్త క్యాన్సరు అంటువ్యాధి కాదు. పెండ్లి సంబంధము తప్పిపోవునని తల్లిదండ్రులు వ్యాధి చరిత్రను దాచుదురు. దాచినందున ఆ యువతి క్రమము తప్పక చేయించుకొనవలసిన పరీక్షలు మానివేయును. కార్యాలయమున పై యధికారి జాలిపడి పని తగ్గించును. ఆ జాలియే పదోన్నతికి అడ్డుగోడ యగును. వీనిలో ఏదియు దుర్మార్గము కాదు. అన్నియు అజ్ఞానమునుండి పుట్టినవి. ఫలితము మాత్రము ఒక్కటే: మందు గెలిచిన చోట మనము ఓడించుచున్నాము.

చట్టములు కొంత దారి చూపినవి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ వ్యాధులను పట్టికలో చేర్చినది గాని, రక్త క్యాన్సరును పేర్కొనలేదు. అయినను చికిత్సవలన నడకకో, చూపునకో పట్టికలో పేర్కొనిన వైకల్యము కలిగినచో, ఆ చట్టము వర్తించును. ఉద్యోగములో నుండగా వైకల్యము పొందినవానిని ప్రభుత్వ సంస్థ తొలగింపరాదని, హోదా తగ్గింపరాదని దాని ఇరువదవ విభాగము శాసించుచున్నది. చికిత్సకు ప్రయాణము చేయు క్యాన్సరు రోగికి రైల్వేవారు ఛార్జీలో రాయితీ నిచ్చుచున్నారు. తోడు పోవువానికిని అది కలదు. ఈ సంగతులు తెలియక నష్టపోవు కుటుంబములు మన యింటిప్రక్కనే ఉండును. కాగితములు నింపుట, నియమములు చదువుట వృత్తిగా గల మనము ఆ కుటుంబములకు చేయదగిన సేవ ఎంతయో ఉన్నది.

రక్తదానము మరియొకటి. చికిత్సా కాలమున రోగికి ఎర్రకణములు, ప్లేట్‌లెట్లు పలుమారు ఎక్కింపవలసి వచ్చును. ప్లేట్‌లెట్లు కొలది దినములకంటె నిలువ ఉండవు. రక్తదానము చేసిన కేంద్ర ప్రభుత్వోద్యోగికి ఏడాదికి నాలుగుమారుల వరకు ప్రత్యేక ఆకస్మిక సెలవునిచ్చు ఉత్తర్వు 2017 లో వెలువడినది. ప్లేట్‌లెట్ల దానమునకును అది వర్తించును. మూలకణ దాతల పట్టికలో పేరు నమోదు చేసికొనుటకు 2009 లో చెన్నపట్టణమున ఏర్పడిన దాత్రి వంటి సంస్థలున్నవి. కణజాతుల పొందిక తరచు ఒకే ప్రాంత, ఒకే వంశపరంపరల వారియందు దొరకునుగాన, తెలుగు రోగికి తెలుగు దాత దొరకు అవకాశము హెచ్చు. దేశమంతట చెదరియున్న మన తెలుగు సంఘములు ఇందుకు పూనుకొనినచో, సాంస్కృతిక బంధము రక్తబంధము కూడ కాగలదు.

శాస్త్రము ఆగలేదు. రోగి తెల్లకణములనే వెలికి తీసి, వానికి శత్రువును గుర్తించు శిక్షణనిచ్చి తిరిగి ఎక్కించు చికిత్స 2012 లో అమెరికాలో ఒక బాలికను మృత్యుముఖమునుండి తప్పించినది. బొంబాయి ఐ.ఐ.టి., టాటా స్మారక కేంద్రము కలిసి రూపొందించిన అట్టి స్వదేశీ చికిత్సకు 2023 లో అనుమతి లభించెను. 2024 ఏప్రిల్ 4 న రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ముగారు దానిని జాతికి అంకితము చేసిరి. రానున్న కాలమున బ్రతికి బయటపడువారి సంఖ్య పెరుగునే కాని తరుగదు.

కావుననే పునరావాసమును గూర్చి ఇప్పుడు ఆలోచింపవలసియున్నది. సుబ్బారావుగారు, ఫార్బర్, పింకెల్, అద్వానీ వంటివారు తమ వంతు పని చేసిరి. రోగి వైద్యశాల గడప దాటి వచ్చువరకు భారము వారిది. దాటిన పిమ్మట అతనికి బడిలో బల్లయు, కార్యాలయములో కుర్చీయు, పెండ్లిపందిటిలో పీటయు మరల చూపవలసినవారము మనము. ఆ చోటు మనము చూపలేకపోయినచో, నూట ఎనుబది యేండ్ల శాస్త్రకృషి సగము దారిలోనే నిలిచిపోయినట్లగును.